మణికట్టు మీద మీ వెబ్‌పేజీ: స్మార్ట్‌వాచ్‌లోనూ పనికొచ్చేలా సైట్‌ని సరిదిద్దుకోవడం ఎలా

స్మార్ట్‌వాచ్ కోసం విడిగా ఒక వెబ్‌సైట్ కట్టించుకుంటామని ఎవరైనా వస్తే నేను వద్దనే చెబుతాను. డబ్బు దండగ. అలాగని "మన సైట్‌ని వాచీలో ఎవడు చూస్తాడులే" అనే డెవలపర్‌తోనూ ఒప్పుకోను. చూస్తారు. పనిగట్టుకుని ఎవరూ చూడరు. మెసేజ్‌లో లింకు వస్తుంది, వేలు తగులుతుంది, పేజీ తెరుచుకుంటుంది. అప్పుడు అక్కడ ఏం కనపడుతుందన్నదే మన బాధ్యత.

ఇది నాకు తలకెక్కించింది ఒక పెద్దాయన. కొన్నేళ్ల కిందట అపాయింట్‌మెంట్లు ఇచ్చే సైట్ ఒకటి చేశాను. బుక్ చేసుకున్నవాళ్లకి మెసేజ్‌లో లింకు వెళ్తుంది, నొక్కితే ఎప్పుడు, ఎక్కడ, ఎవరి దగ్గర అన్న వివరాల పేజీ వస్తుంది. ఫోన్లో ముచ్చటగా ఉండేది, నాకు నేనే శభాష్ అనుకున్నాను. ఆయన ఫోన్ చేసి, "మెట్లెక్కుతూ వాచీలో చూశానండీ. టైమెంతో కనపడలేదు గానీ మీ కుకీల గొడవంతా కనపడింది" అన్నారు. వాచీ అరువు తెచ్చుకుని చూస్తే నిజమే. పైన లోగో, దాని కింద "స్వాగతం" అంటూ పెద్ద బ్యానరు, దాని మీదకెక్కి కూర్చున్న కుకీల నోటీసు, ఆ నోటీసుని మూసే బటన్ తెరకి అవతల. ఆయనకి కావలసిన "రేపు 10:30" మాత్రం మూడు తెరల కింద ఎక్కడో ఉంది.

ఆ పేజీని బాగుచేసిన క్రమమే ఈ మార్గదర్శి. ఉదాహరణలు చాలావరకు దానివే. హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ చేతికి అలవాటున్నవాళ్లని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

మొదటి అడుగు: ఏ వాచీలో ఏం తెరుచుకుంటుందో తెలుసుకోండి

2015లో వచ్చిన మొదటి ఆపిల్ వాచ్‌లో వెబ్‌పేజీ చూసే దారే లేదు. 2018లో వాచ్‌ఓఎస్ (ఆపిల్ వాచీని నడిపే సాఫ్ట్‌వేర్) 5తో, సఫారీ లోపల పేజీలు గీసి చూపించే ఇంజిన్ వెబ్‌కిట్ వచ్చి చేరింది. ఇప్పటికీ సఫారీ ఐకాన్ ఉండదు, అడ్రస్ కొట్టుకునే గడీ ఉండదు. మెయిల్లోనో మెసేజ్‌లోనో వచ్చిన లింకు నొక్కితే పేజీ అక్కడికక్కడే తెరుచుకుంటుంది. అంటే మీ హోమ్ పేజీని వాచీలో చూసేవాళ్లు దాదాపు ఉండరు. వచ్చేవాళ్లు నేరుగా లోపలి పేజీకే వస్తారు. ఇది గుర్తుంచుకుంటే సగం పని తగ్గిపోతుంది, ఎందుకంటే మీరు సరిచేయాల్సింది సైట్ మొత్తాన్ని కాదు, లింకులుగా పంపే ఆ నాలుగైదు పేజీలనే.

శాంసంగ్ వైపు 2021లో గెలాక్సీ వాచ్ 4 నుంచి, వాచీల కోసం గూగుల్ చేసిన వేర్ ఓఎస్ వచ్చింది. అందులో శాంసంగ్ ఇంటర్నెట్ బ్రౌజర్ వేసుకోవచ్చు. ఇక్కడో చిక్కుంది. యాప్ లోపలే వెబ్‌పేజీ చూపించడానికి మామూలు ఆండ్రాయిడ్‌లో ఉండే వెబ్‌వ్యూ వేర్ ఓఎస్‌లో లేదు. కాబట్టి "ఒక ఖాళీ యాప్ చేసి, దాంట్లో మన సైట్‌నే చుట్టి పెట్టేద్దాం" అన్న పాత కిటుకు ఇక్కడ పారదు. క్లయింట్‌కి మాటిచ్చేముందే ఇది చూసుకోండి.

మిగిలిన ఫిట్‌నెస్ బ్యాండ్లూ వాచీల్లో చాలావాటికి బ్రౌజరే ఉండదు. ఫోన్‌కి వచ్చిన నోటిఫికేషన్‌ని మణికట్టు మీద చూపించడం వరకే వాటి పని. కాబట్టి వాచీలో మీ సైట్ అంటే చాలామందికి మీ నోటిఫికేషనే. దాని సంగతి తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం.

రెండో అడుగు: పేజీకి ఒక్క ప్రశ్న

చెయ్యి ఛాతీ దాకా ఎత్తి, మణికట్టు మీకేసి తిప్పుకుని, ఈ విభాగం అంతా చదివేదాకా అలాగే పట్టుకోండి. భుజం ఎక్కడ లాగడం మొదలైందో గమనించండి. వాచీలో చదివేవాడికి మీరివ్వగలిగిన సమయం అంతే.

అందుకని లింకుగా పంపే ప్రతి పేజీ పేరూ ఒక కాగితం మీద రాసి, దాని ఎదురుగా "ఇది తెరిచినవాడు ఏం తెలుసుకోవాలని తెరిచాడు?" అన్నదానికి జవాబు రాయండి. ఒక్క వాక్యమే. నా పేజీకి అది "ఎన్ని గంటలకి వెళ్లాలి?". ఆర్డరు పేజీకైతే "ఎక్కడిదాకా వచ్చింది?". రద్దు పేజీకి "డబ్బు ఎప్పుడు తిరిగొస్తుంది?". రెండు వాక్యాలు రాయాల్సి వస్తే అది వాచీకి పనికొచ్చే పేజీ కాదు, దాన్ని పక్కన పెట్టేయండి. అన్ని పేజీలూ వాచీలో బాగుండాలని పట్టుపడితే ఏ పేజీ బాగుండదు.

వాచీ కోసం వేరే సైట్ వద్దన్నానుగా, కారణం కూడా చెప్పాలి. 2000 ప్రాంతంలో చిన్న ఫోన్ల కోసం వ్యాప్ పేజీలని ఉండేవి. వాటిని డబ్ల్యూఎంఎల్ అనే వేరే భాషలో రాసేవాళ్లు. ఫైలుని డెక్ అనీ, అందులో ఒక్కో తెరని కార్డు అనీ, పేకముక్కల లెక్కన పిలిచేవాళ్లు. ఆ తర్వాత అడ్రస్ ముందు "ఎం." తగిలించుకున్న మొబైల్ సైట్ల కాలం. రెండిటి కథా ఒకటే. మొదట్లో రెండు కాపీలూ సమానంగా ఉంటాయి, ఆర్నెల్లకి ఒకటి పాతబడుతుంది, ఏడాదికి ఒకదాంట్లో ధర ఒకటి, రెండోదాంట్లో ఇంకొకటి. 2010లో ఈథన్ మార్కాట్ రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ అని పేరు పెట్టి ఒకే పేజీ అన్ని తెరలకీ ఒదగాలన్నాక గానీ ఆ తలనొప్పి తగ్గలేదు. వాచీ పేరుతో దాన్ని మళ్లీ కొని తెచ్చుకోవడం ఎందుకు?

మూడో అడుగు: జవాబుని హెచ్‌టీఎంఎల్‌లోనే పైకి తీసుకురండి

సీఎస్ఎస్ ముట్టుకునేముందు పేజీ సోర్సు తెరవండి. బాడీ ట్యాగు తర్వాత అసలు జవాబు ఎన్నో వరుసలో ఉందో చూడండి. నా పేజీలో లోగో, మెనూ, బ్యానరు, వెనక్కి వెళ్లే లింకుల వరుస, పక్క పట్టీ అన్నీ దాటాక వచ్చేది. పెద్ద తెర మీద గ్రిడ్‌తో అటూ ఇటూ సర్దేసరికి ఆ దూరం కనపడేది కాదు. తెర చిన్నదైపోగానే అన్నీ ఒకదాని కింద ఒకటి పేరుకున్నాయి, అసలు విషయం అడుక్కి చేరింది.

మార్చాక వరుస ఇలా ఉంది: మెయిన్ ట్యాగు, అందులో ఆర్టికల్ ట్యాగు, అందులో మొదటి హెడ్డింగ్ "రేపు ఉదయం 10:30". దాని కింద ఒక లైన్‌లో చోటు, ఇంకో లైన్‌లో పేరు, ఆ తర్వాత ఒకే ఒక్క బటన్. మెనూ కోడ్‌లో వీటన్నిటి తర్వాత ఉంటుంది. పెద్ద తెర మీద దాన్ని గ్రిడ్‌లో ఏరియా పేరిచ్చి పైన కూర్చోబెట్టాను. ఒక జాగ్రత్త చెప్పాలి. కంటికి కనపడే వరుస ఒకటీ, ట్యాబ్ కీ తిరిగే వరుస ఒకటీ అయితే కీబోర్డుతో వాడేవాళ్లు తికమకపడతారు. ఒక్క మెనూని కదిపితే సర్దుకోవచ్చు, పేజీలో ముక్కలన్నీ అలా తారుమారు చేయకండి.

ఆర్టికల్ ట్యాగు ఊరికే పెట్టలేదు. అక్షరాలు ఎక్కువగా ఉన్న పేజీని వాచ్‌ఓఎస్ తనంతట తనే రీడర్‌లో తెరుస్తుంది. అంటే మీ డిజైన్ మొత్తం పీకేసి, హెడ్డింగులు, పేరాలు, బొమ్మలు మాత్రం చూపిస్తుంది. ట్యాగులు సరిగ్గా ఉంటే రీడర్‌కి ఏది విషయమో తెలుస్తుంది. అన్నీ డివ్‌లే అయితే అది ఊహించుకోవాలి. వ్యాసాలు, వార్తలు పెట్టే సైట్ మీదైతే ఈ అడుగుతోనే మీ పని ముక్కాలు భాగం అయిపోయినట్టే.

నాలుగో అడుగు: 320 పిక్సెళ్ల మతలబు

చాలామంది డెవలపర్లు బోర్లా పడేది ఇక్కడే. 2018 నాటి 40 మిల్లీమీటర్ల ఆపిల్ వాచ్ తెర వెడల్పు 324 పిక్సెళ్లు. ఒక సీఎస్ఎస్ పిక్సెల్‌కి తెర మీద అటు రెండు, ఇటు రెండు పడతాయి కాబట్టి సీఎస్ఎస్ లెక్కలో అది 162 వెడల్పు, 197 ఎత్తు. మొట్టమొదటి 38 మిల్లీమీటర్ల వాచీ అయితే 136. 2022లో వచ్చిన పెద్ద అల్ట్రా అయితే 205.

కానీ మీ పేజీకి మాత్రం వాచ్‌ఓఎస్ నిజం చెప్పదు. వ్యూపోర్ట్ మెటా ట్యాగులో మీరు డివైస్ విడ్త్ అని రాసినా, "నా వెడల్పు 320" అని బొంకుతుంది. పేజీ 320కి పరుచుకుంటుంది, ఆ తర్వాత దాన్ని కుదించి 162లో ఇరికిస్తుంది. ఆపిల్ వాళ్లని తప్పుపట్టను. వెబ్‌లో ఉన్న పేజీల్లో చాలావాటిని 162కి పరిస్తే చిందరవందర అయిపోతాయి. మొదటి ఐఫోన్ వెడల్పు 320 కాబట్టి అక్కడిదాకా చాలా సైట్లు తట్టుకుంటాయి. ఫలితం మాత్రం ఏమిటంటే, మీరు 16 పిక్సెళ్లని రాసిన అక్షరం దాదాపు 8 పిక్సెళ్లకి దిగిపోతుంది. రెండుసార్లు తట్టి పెద్దది చేసుకోవాలి.

ఈ కుదింపు వద్దనుకుంటే ఒక మెటా ట్యాగు ఉంది. నేమ్ దగ్గర "డిజేబుల్డ్-అడాప్టేషన్స్", కంటెంట్ దగ్గర "వాచ్". కోడ్‌లో ఇంగ్లీషు చిన్నబడి అక్షరాలతో, మధ్యలో గీతతో రాయాలి. అది పెట్టాక వాచీ తన అసలు వెడల్పు ఒప్పుకుంటుంది, మీ మీడియా క్వెరీలు నిజమైన కొలతకి పనిచేస్తాయి.

దాన్ని ముందే పెట్టేయకండి. నేను పాటించే వరుస ఇది. మొదట పేజీ 320లో అడ్డంగా జరపాల్సిన అవసరం లేకుండా నిలవాలి. తర్వాత 136లో నిలవాలి. ఆ రెండూ దాటాకే ట్యాగు. ట్యాగు పెట్టి పేజీ సరిచేయకపోతే, కనీసం కుదించి చూపిస్తున్న వాచీ చేతులు కూడా కట్టేసినట్టవుతుంది. 320 కోసం పడే కష్టం వాచీకే పరిమితం కాదు. అందరికీ అందుబాటు కోసం పెట్టిన డబ్ల్యూసీఏజీ నియమాల్లో, 2018లో వచ్చిన 2.1 వెర్షన్, పేజీ 320 వెడల్పులో పక్కకి జరపకుండా చదవగలిగేలా ఉండాలంటుంది. 1280 వెడల్పు కిటికీని 400 శాతం పెద్దది చేసుకుని చూసే మనిషికి మిగిలేది సరిగ్గా అంతే. వాచీ కోసం డబ్బివ్వనన్న క్లయింట్ దీనికోసం ఇస్తాడు. నేను అలాగే ఒప్పించాను.

ఐదో అడుగు: సీఎస్ఎస్‌లో కత్తిరింపులు

220 పిక్సెళ్ల లోపు తెరలకి ఒక మీడియా క్వెరీ రాసుకోండి. దాంట్లో కొత్తవి చేర్చడం కంటే ఉన్నవి తీసేయడమే ఎక్కువ.

ముందు పక్క ఖాళీలు. ఫోన్ కోసం అటు 24, ఇటు 24 పిక్సెళ్ల ప్యాడింగ్ అందరికీ అలవాటు. 162లో 48 పోతే దాదాపు 30 శాతం గాలికి పోయింది. వాచీ నల్ల అంచే మీకు మార్జిన్. నాలుగు పిక్సెళ్లు చాలు.

తర్వాత పైన అతుక్కుపోయే హెడర్. 56 పిక్సెళ్ల హెడర్ 197 ఎత్తులో పాతిక శాతానికి పైనే మింగేస్తుంది. దీనికి వెడల్పుని కాకుండా ఎత్తుని అడగండి. తెర ఎత్తు కనీసం 400 ఉంటేనే స్టిక్కీ, లేకపోతే మామూలుగా కదిలిపోవాలి. ఫోన్ అడ్డంగా తిప్పినప్పుడు కూడా ఇదే ఆదుకుంటుంది.

గ్రిడ్‌లో మిన్‌మాక్స్ దగ్గర 280 పిక్సెళ్లని కనీస కొలత ఇచ్చి మరిచిపోతాం. అది 162లో పట్టదు, పేజీ పక్కకి పొంగుతుంది. ఆ 280 ఉన్నచోట మిన్ ఫంక్షన్ పెట్టి 280 పిక్సెళ్లు, 100 శాతం రెండూ ఇవ్వండి. ఏది చిన్నదైతే అది తీసుకుంటుంది. ఫ్లెక్స్ పిల్లలకి మిన్ విడ్త్ సున్నా ఇవ్వడం కూడా మరవకండి. బటన్లు వరుసకి ఒకటే, పూర్తి వెడల్పున. డబ్ల్యూసీఏజీ 2.2 కనీసం 24 పిక్సెళ్ల నొక్కుడు చోటు ఉండాలంటుంది. నడుస్తూ నొక్కే వేలికి అది చాలదని నా అభిప్రాయం, 44కి తగ్గించను.

ఇక తెలుగు అక్షరాల సంగతి. ఇంగ్లీషు డిజైన్ టెంప్లేట్ తెచ్చి తెలుగు పోసేవాళ్లందరికీ ఇది తగులుతుంది. లైన్ హైట్ 1.2 అని ఉన్న హెడ్డింగులో "రాష్ట్రం" అని రాసి, పైన ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టి చూడండి. ష కింద ట, దాని పక్కన ర ఒత్తూ వేలాడుతుంటాయి, వాటి కాళ్లు కోసేసినట్టు తెగిపోతాయి. పెద్ద తెర మీద చుట్టూ ఖాళీ ఉంటుంది కాబట్టి పట్టుబడదు. వాచీలో లైన్లన్నీ ఇరుక్కుని ఉండేసరికి పైలైన్ ఒత్తులు కిందిలైన్ గుడి మీద పడి, ఏది ఏ అక్షరానిదో తెలియదు. తెలుగుకి 1.5 నుంచి 1.6 దాకా ఇవ్వండి. రెండు లైన్లు తక్కువ పట్టినా పరవాలేదు.

రెండోది మాటల పొడవు. "నిర్ధారించబడినది" అన్న మాట నా పేజీలో హెడ్డింగ్. 162లో పట్టక, ఓవర్‌ఫ్లో ర్యాప్‌కి ఎనీవేర్ అని ఇస్తే "నిర్ధారించబ" దగ్గర విరిగి "డినది" కిందికొచ్చింది. దానికి సీఎస్ఎస్ మందు లేదు. "ఖాయమైంది" అని రాశాను. ఒక్క లైన్‌లో పట్టింది, చదవడానికీ మనిషి మాట్లాడినట్టుంది. వాచీ వల్ల నాకు జరిగిన పెద్ద మేలు ఇదే. ఆఫీసు కాగితాల తెలుగుని పేజీల్లోంచి ఏరిపారేశాను.

వాచ్‌ఓఎస్‌లో వెబ్ ఫాంట్లు, వీడియో, సర్వీస్ వర్కర్లు (పేజీ వెనకాల నడిచే స్క్రిప్టులు) పనిచేయవని ఆపిల్ వాళ్లు 2018లోనే చెప్పారు. కాబట్టి మీరు ముచ్చటపడి కొన్న ఫాంట్ అక్కడికి రాదనుకునే కొలతలు వేసుకోండి. ఐకాన్లని ఫాంట్ రూపంలో వాడుతుంటే అవి ఖాళీ డబ్బాలుగా కనపడతాయి, ఎస్‌వీజీకి మార్చేయండి.

ఆరో అడుగు: గుండ్రటి తెర

ఆపిల్‌ది మూలలు నున్న చేసిన నలుచదరం. గెలాక్సీ వాచ్ లాంటివి పూర్తి వృత్తం. వెబ్‌పేజీ పుట్టుకతోనే నలుచదరం కాబట్టి మూలలు నాలుగూ పోతాయి. ఎంత పోతుందో ఒక్కసారి లెక్కేస్తే ఇక మరిచిపోరు. వృత్తంలో పైనుంచి ఎత్తులో పదో వంతు దిగితే, అక్కడ కనపడే వెడల్పు మొత్తంలో 60 శాతమే. ఐదో వంతు దిగితే 80 శాతం. 450 పిక్సెళ్ల తెర మీద పైనుంచి 45 పిక్సెళ్ల దగ్గర రాసిన లైన్‌కి దొరికేది 270 పిక్సెళ్లు. మొదటి లైన్‌లో ఎడమవైపు లోగో, కుడివైపు మెనూ పెట్టేవాళ్లు ఇది గమనించాలి. ఆ రెండూ తెరమీదే ఉండవు.

వృత్తం లోపల పూర్తిగా ఇమిడే నలుచదరం కావాలంటే భుజం వ్యాసంలో 70.7 శాతం, అంటే ప్రతి వైపూ దాదాపు 15 శాతం వదులుకోవాలి. కానీ పేజీ మొత్తానికి 15 శాతం ప్యాడింగ్ ఇవ్వకండి, స్క్రోల్ చేస్తే ఏ లైనైనా నడిమధ్యకి వస్తుంది కదా. మొదటి తెరకీ, పేజీ చివరికీ మాత్రం పైనా కిందా ఖాళీ వదిలి, హెడ్డింగుని మధ్యకి సర్దితే సరిపోతుంది. పేజీ చివర ఖాళీ లేకపోతే ఆఖరి బటన్ ఎంత తోసినా వంపులోనే ఇరుక్కుంటుంది.

గుండ్రటి తెరల కోసం సీఎస్ఎస్‌లో రౌండ్ డిస్‌ప్లే అని ఒక ప్రమాణం రాయడం మొదలుపెట్టారు. తెర ఆకారాన్ని అడిగే షేప్ అన్న మీడియా క్వెరీ అందులోదే. దాన్ని నమ్ముకోకండి, బ్రౌజర్లు దాన్ని ఎత్తుకోలేదు. అందులోంచి బతికి బట్టకట్టింది వ్యూపోర్ట్ ఫిట్ ఒకటే. 2017లో పైన గాటు (నాచ్) ఉన్న తెరతో ఐఫోన్ టెన్ వచ్చినప్పుడు ఆపిల్ దాన్నే వాడుకుంది. వాచీ కోసం పుట్టిన ఆలోచన ఫోన్లో స్థిరపడింది.

ఏడో అడుగు: ఫారాలు, బరువు

వాచీలో లాగిన్ పేజీ వచ్చిందంటే ఆట అయిపోయినట్టే. లింకులోనే కొద్దికాలం చెల్లే టోకెన్ (మనిషిని గుర్తుపట్టే రహస్య కోడ్) పెట్టి, లాగిన్ లేకుండా చూపించగలిగినంత మటుకే చూపించండి. టైమూ చోటూ చాలు. పుట్టినతేదీ, అడ్రసు లాంటివి ఆ పేజీలో ఉండకూడదు, లింకు ఇంకొకరికి పంపేస్తారు కాబట్టి.

ఏదైనా అడగక తప్పకపోతే టైపు చేయించకండి, ఎంచుకోనివ్వండి. సెలెక్ట్, తేదీ, టైము, ఫోన్ నంబరు రకం ఇన్‌పుట్‌లకి వాచ్‌ఓఎస్ తన సొంత తెర ఇస్తుంది. ఆ తెరలో మీ పేజీ కనపడదు, అప్పుడు ఇది దేని గడీ అన్నది చెప్పేది లేబుల్ ఒక్కటే. లేబుల్ లేని ఇన్‌పుట్ అక్కడ పేరులేని ఖాళీ.

బరువు సంగతి క్లుప్తంగా. వాచీ చాలాసార్లు బ్లూటూత్ మీద ఫోన్ ద్వారా నెట్ తెచ్చుకుంటుంది. జావాస్క్రిప్ట్ నడిస్తే గానీ అక్షరం కనపడని పేజీ అక్కడ తెల్లకాగితం. సర్వర్ నుంచే పూర్తి హెచ్‌టీఎంఎల్ పంపండి. బొమ్మలకి 410 పిక్సెళ్ల వెడల్పు కాపీ ఒకటి సోర్స్‌సెట్‌లో పెట్టండి. ఇక నన్ను నవ్వులపాలు చేసిన కుకీల నోటీసుకి నేనే కారణం. ఆ పేజీలో సందర్శకుల లెక్కల స్క్రిప్టు ఉంది కాబట్టి నోటీసు పెట్టాల్సి వచ్చింది. అపాయింట్‌మెంట్ టైము చూసుకునే మనిషిని లెక్కపెట్టి నేను బావుకున్నదేమీ లేదు. స్క్రిప్టు తీసేశాను, నోటీసూ పోయింది.

ఎనిమిదో అడుగు: నోటిఫికేషన్

అసలు పంట ఇక్కడే. వెబ్ పుష్ నోటిఫికేషన్, అంటే యాప్ లేకుండా సైటే పంపే నోటిఫికేషన్, ఆండ్రాయిడ్ ఫోన్‌కి వస్తే జతచేసిన వాచీకి మామూలుగా అదే వెళ్తుంది. ఐఫోన్లో 2023 మార్చిలో వచ్చిన ఐఓఎస్ 16.4 నుంచి, హోమ్ స్క్రీన్‌కి చేర్చుకున్న వెబ్ యాప్‌లకి పుష్ వచ్చింది. అవి ఆపిల్ వాచ్ మీదా కనపడతాయి. మీరు వాచీ కోసం ఒక్క లైను కోడ్ రాయనక్కర్లేదు. వాక్యం రాయడం వస్తే చాలు.

నా పాత నోటిఫికేషన్ ఇలా ఉండేది: శీర్షిక "ముఖ్య సమాచారం", లోపల "ప్రియమైన వినియోగదారులకు, మీరు నమోదు చేసుకున్న అపాయింట్‌మెంట్ నిర్ధారించబడినది…". వాచీలో కనపడింది "ముఖ్య సమాచారం, ప్రియమైన వినియోగ" వరకే. కొత్తది: శీర్షిక "రేపు 10:30", లోపల "రెండో అంతస్తు, 4వ గది". చూశారు, చెయ్యి దించేశారు, లింకు తెరిచే పనే పడలేదు. పేజీ తెరవడం తగ్గిందని క్లయింట్ మొదట కంగారుపడ్డాడు. తెరవాల్సిన అవసరం తగ్గిందని చెప్పాల్సి వచ్చింది.

సైజు పరిమితి ఉంది. పుష్ సర్వర్లు కనీసం 4096 బైట్ల దాకా ఒప్పుకోవాలన్నది నియమం, దాన్నే గరిష్ఠం అనుకుని ఉండండి. అక్షరాలని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరం ఒక బైటు, తెలుగులో ప్రతి అక్షరమూ, గుణింతపు గుర్తూ, పొల్లూ మూడేసి బైట్లు. "డాక్టర్" అన్నది మన కంటికి మూడు అక్షరాలు, కంప్యూటర్‌కి డ, దీర్ఘం, క, పొల్లు, ట, ర, పొల్లు కలిపి ఏడు గుర్తులు, 21 బైట్లు.

ఆ ఏడు గుర్తుల లెక్క తెలియకే నేను ఇంకో తప్పు చేశాను. పొడవైన వాక్యాన్ని 40 దగ్గర స్లైస్‌తో కోసి చుక్కలు పెట్టాను. ఒక రోజు అందరికీ "…గంటలకు డాక్…" అని వెళ్లింది. క, పొల్లు దాకా వచ్చి ఆగింది, ట అవతల పడిపోయింది. జావాస్క్రిప్ట్‌లో ఇంట్ల్.సెగ్మెంటర్ ఉంది, అది అక్షరాల హద్దులు చెబుతుంది. అయితే ఒత్తులున్న తెలుగు అక్షరాన్ని ఒకటిగా చూడాలన్న నియమం యూనికోడ్‌లోకి 2023లో 15.1 వెర్షన్‌తో వచ్చింది. పాత ఇంజిన్లు "రాష్ట్ర"ని ఇప్పటికీ ముక్కలు చేస్తాయి. అందుకని సెగ్మెంటర్‌ని అక్షరాల పద్ధతిలో కాకుండా మాటల పద్ధతిలో పెట్టి, మాట చివరే కోయండి. ఇంకా మంచిది, కోయాల్సిన అవసరం రాకుండా రాయండి.

మరో రెండు మీటలున్నాయి, చాలామంది ముట్టుకోరు. ఒకటి ట్యాగ్. ఒకే అపాయింట్‌మెంట్ గురించిన నోటిఫికేషన్లన్నిటికీ ఒకే ట్యాగ్ ఇస్తే కొత్తది పాతదాన్ని చెరిపేసి దాని చోట్లో వస్తుంది. టైము 10:30 నుంచి 11:15కి మారితే మణికట్టు మీద రెండూ కనపడి గందరగోళం కాదు. రెండోది పుష్ పంపేటప్పుడు ఇచ్చే టీటీఎల్. ఫోన్ ఆఫ్‌లో ఉంటే ఆ నోటిఫికేషన్‌ని ఎన్ని సెకన్ల దాకా దాచి ఉంచాలన్నది అది చెబుతుంది. "గంటలో మీ అపాయింట్‌మెంట్" అన్నది మర్నాడు పొద్దున్న మణికట్టు మీద టక్కున వణికితే తిట్లు మీకే. దానికి 3600 ఇవ్వండి.

పక్క సీట్లోవాళ్లకి కూడా వాచీ కనపడుతుందని మరవకండి. ఏ విభాగం డాక్టరో నోటిఫికేషన్‌లో రాయను. గది నంబరు చాలు.

తొమ్మిదో అడుగు: పరీక్ష

క్రోమ్ డెవ్‌టూల్స్‌లో డివైస్ తెరలకి కొత్తగా రెండు చేర్చుకోండి: 136 వెడల్పు, 170 ఎత్తు ఒకటి, 205, 251 ఇంకొకటి. రెంటిలోనూ పక్కకి స్క్రోల్ బార్ రాకూడదు. తర్వాత ల్యాప్‌టాప్ బ్రౌజర్‌ని 1280 వెడల్పులో పెట్టి 400 శాతానికి పెంచి, మౌస్ ముట్టుకోకుండా కీబోర్డుతో పేజీ చివరిదాకా వెళ్లండి. మ్యాక్ ఉంటే ఎక్స్‌కోడ్‌లో వాచ్ సిమ్యులేటర్ దొరుకుతుంది.

కానీ సిమ్యులేటర్‌కి భుజం నొప్పి రాదు. ఎవరిదైనా వాచీ ఒక గంట అడిగి తీసుకుని, మీకు మీరే మెసేజ్‌లో లింకు పంపుకోండి. కూర్చుని ఒకసారి, ఎండలో నిలబడి ఒకసారి, నడుస్తూ ఒకసారి తెరవండి. ఆ తర్వాత పేజీని ఎన్నడూ చూడని మనిషి చేతికి వాచీ కట్టి, లింకు నొక్కమని, "ఎన్ని గంటలకట?" అని అడగండి. ఏమీ సాయం చేయకండి. వేలు ఎటు వెళ్తోందో మాత్రం చూడండి.

నేను ఆ మెట్లెక్కిన పెద్దాయనకే కొత్త లింకు పంపాను. ఈసారి ఫోన్ చేయలేదు, మెసేజ్ పెట్టారు: "10:30. వస్తున్నా."